గన్‌స్మోక్ సీరియల్: కొత్తగా చూసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పదవీ విరమణ తర్వాత అమెరికాలో మా ఇంట్లో ఆరు నెలలున్న మా నాన్నగారు రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే ఈ సీరియల్ ముందు కూర్చునేవారు. ఆయన వల్ల నేను చూశాను, నా వల్ల మా బంధువులు, స్నేహితులు కొందరు చూశారు. చూసిన ప్రతివారూ దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. వరుసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి. కథలో ముఖ్యమైన సంగతులు కొన్ని జవాబుల్లో బయటపడతాయి.

## చూడటం మొదలుపెట్టక ముందు

అసలు గన్‌స్మోక్ ఏమిటి? ఎప్పటిది?

అమెరికాలో సీబీఎస్ ఛానెల్‌లో 1955 సెప్టెంబరు 10న మొదలై 1975 మార్చి 31న ముగిసిన కౌబాయ్ సీరియల్. 20 సీజన్లు, 635 ఎపిసోడ్లు. కథ 1870ల నాటి కాన్సాస్ రాష్ట్రంలో, డాడ్జ్ సిటీ అనే పశువుల వ్యాపారపు ఊళ్ళో జరుగుతుంది. ఆ ఊరి శాంతిభద్రతలు చూసే మార్షల్ మ్యాట్ డిల్లన్, లాంగ్ బ్రాంచ్ అనే సెలూన్ (మద్యశాల) నడిపే కిట్టీ రస్సెల్, ఊరి వైద్యుడు డాక్ ఆడమ్స్, మార్షల్‌కు కుడిభుజంలా ఉండే చెస్టర్ ప్రధాన పాత్రలు. చెస్టర్ వెళ్ళిపోయాక ఫెస్టస్ వస్తాడు. 1957 నుంచి 1961 వరకు వరుసగా నాలుగు సీజన్లు అమెరికాలో అత్యధికులు చూసిన కార్యక్రమం ఇదే.

ఇంత పాత సీరియల్‌ను జనం ఇప్పటికీ ఎందుకు చూస్తున్నారు?

చాలా కౌబాయ్ కథలు తుపాకి పేలడంతో అయిపోతాయి. గన్‌స్మోక్ చాలాసార్లు అక్కడి నుంచి మొదలవుతుంది. పేరే చూడండి: తుపాకి పొగ, అంటే పేలుడు ఆగిన తర్వాత గాలిలో మిగిలేది. వీధిలో పడినవాణ్ణి ఎవరో ఎత్తాలి. డాక్ గది మేడ మీద ఉంటుంది, గాయపడినవాణ్ణి బయటి చెక్క మెట్ల మీదుగా మోసుకెళ్ళాలి. తూటా తీసేటప్పుడు ఎవరో దీపం పట్టుకోవాలి. చనిపోయినవాడికి భార్య ఉంటే ఆమె ఇంటి తలుపు తట్టి ఆ మాట చెప్పాలి. ఈ పనులన్నీ ఈ సీరియల్ ఓపికగా చూపిస్తుంది. గెలిచాక కూడా డిల్లన్ ముఖంలో సంతోషం ఉండదు.

మా నాన్నగారు హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేశారు. ఒక ఎపిసోడ్‌లో డిల్లన్ రాత్రి ఆఫీసుకు వచ్చి, టోపీ కొక్కేనికి తగిలించి, ఏమీ మాట్లాడకుండా కుర్చీలో కూలబడ్డాడు. నాన్నగారు వెంటనే, "డ్యూటీ దిగినవాడు ఇలాగే కూర్చుంటాడు. ఎవరో తెలిసినవాడే తీశాడు దీన్ని" అన్నారు. ఇంగ్లీషు సంభాషణల్లో సగమే అర్థమయ్యే మనిషి అన్న మాట అది. చట్టాన్ని నిలబెట్టడమంటే రోజూ ఒంటిని, మనసును అరగదీసే ఉద్యోగమని ఈ సీరియల్‌కు తెలుసు. నా వరకు దాని ఆకర్షణకు మూలం అదే.

రెండో కారణం స్నేహం. పని లేనప్పుడు ఆ నలుగురూ ఒక బల్ల చుట్టూ చేరి మాట్లాడుకునే తీరు మన ఊరి రచ్చబండను గుర్తుకు తెస్తుంది. ఎవరు ఎవరిని ఎక్కడ గిల్లుతారో, ఎవరికి ఎప్పుడు కోపం వస్తుందో మనకూ తెలిసిపోతుంది. ఇరవై ఏళ్ళు అవే ముఖాలు కనిపించడం వల్ల వాళ్ళు మనతోపాటే వయసు మళ్ళినవాళ్ళలా అనిపిస్తారు.

635 ఎపిసోడ్లూ చూడాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నీ చూడనక్కర్లేదు. దాదాపు ప్రతి ఎపిసోడ్ దానికదే ముగిసే కథ. మొదటి సీజన్‌లో ఐదారు, చెస్టర్ ఉన్న గంట నిడివి ఎపిసోడ్లలో రెండు మూడు, ఫెస్టస్ వచ్చాక రంగుల్లో తీసినవి రెండు మూడు చూడండి. వాటిలో ఏది మీకు నచ్చుతుందో మీకే తెలుస్తుంది.

నలుపు తెలుపు ఎపిసోడ్లు మంచివా, రంగులవి మంచివా?

అభిమానులు ఈ విషయంలో రెండుగా చీలిపోయారు. 1955 నుంచి 1961 దాకా వచ్చినవి అరగంట ఎపిసోడ్లు, మొత్తం 233. ఆ తర్వాత గంట నిడివి అయింది. 1966 శరత్కాలం నుంచి రంగుల్లోకి మారింది.

నా ఓటు అరగంట ఎపిసోడ్లకే. వాటిలో వృథా మాట ఒక్కటి ఉండదు. చాలా కథలు రేడియో నాటకాల నుంచి వచ్చినవి కావడంతో సంభాషణ పదునుగా ఉంటుంది. నలుపు తెలుపులో ఆ వీధి, ఆ దీపాల వెలుగు మరింత ఒంటరిగా కనిపిస్తాయి. రంగుల ఎపిసోడ్లలో అతిథి నటులకు పెద్ద పాత్రలు దొరికాయి. కొన్నిసార్లు డిల్లన్ కాసేపే కనిపించి, ఊరికి వచ్చిన కొత్త మనిషి కథే నడుస్తుంది. 1966లో బెట్టీ డేవిస్ వచ్చిన ‘ది జైలర్’ అలాంటిదే. భర్తను ఉరి తీయించాడన్న పగతో ఒక తల్లి తన కొడుకులతో కలిసి చేసే ప్రతీకారం అది. ఆమె కళ్ళు చూడటానికైనా ఆ ఎపిసోడ్ చూడాలి.

మన తెలుగు కౌబాయ్ సినిమాల్లా ఉంటుందా?

ఉండదు. 1971లో కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’తో మన దగ్గర మొదలైన కౌబాయ్ ఒరవడి ఇటలీవాళ్ళు తీసిన వెస్టర్న్ సినిమాల దారిలో నడిచింది: ఎడారి, నిధి వేట, ఎత్తుకు పైఎత్తు, ఎవరినీ నమ్మలేని లోకం. గన్‌స్మోక్ అంతకు పదహారేళ్ళ ముందు మొదలైంది, స్వభావం కూడా వేరు. ఇందులో ఊరు ఉంది, పొరుగువాళ్ళు ఉన్నారు, మర్నాడు మళ్ళీ ముఖాలు చూసుకోవలసిన మనుషులున్నారు. సాహసం కోసం వస్తే కాస్త నిరాశ కలగవచ్చు. మనుషుల కోసం వస్తే నిరాశ ఉండదు.

## మొదటి ఎపిసోడ్లు చూస్తున్నప్పుడు

మొదట్లో జాన్ వేన్ వచ్చి మాట్లాడతారు. మరి సీరియల్‌లో ఎందుకు లేరు?

ఆయన వచ్చింది పరిచయం చేయడానికే. అప్పటికి డిల్లన్ పాత్రధారి జేమ్స్ ఆర్నెస్ పెద్దగా పేరు లేని నటుడు, వేన్ సొంత సంస్థతో ఒప్పందంలో ఉండేవారు. అంత పెద్ద తార మొదటి ఎపిసోడ్ ముందు నిలబడి, ఈ కుర్రవాణ్ణి చూడండి అని చెప్పడం ఆ రోజుల్లో చాలా పెద్ద అండ.

మొదటి ఎపిసోడ్‌లోనే హీరో తూటా తిని పడిపోయాడు. ఇదేం హీరో?

ఆ ఎపిసోడ్‌ను వదలకండి, సీరియల్ మొత్తానికి తాళంచెవి అదే. డాన్ గ్రాట్ అనే హంతకుడు డాడ్జ్‌కు వస్తాడు. తుపాకి తీయడంలో డిల్లన్ కంటే అతనే వేగం. డిల్లన్ ఓడిపోతాడు, చావు తప్పి మంచాన పడతాడు. కోలుకుంటూ జరిగినదంతా తిరగేసుకుని ఒక సంగతి గమనిస్తాడు. గ్రాట్ ఎప్పుడూ ఎదుటివాడికి బాగా దగ్గరగా వచ్చాకే తుపాకి తీస్తాడు. చెయ్యి వేగమే కానీ గురి లేదు. రెండోసారి ఎదురుపడినప్పుడు డిల్లన్ ఆ దూరం తగ్గనివ్వడు. గెలిపించింది చేతివేగం కాదు, మంచం మీద పడుకుని చేసిన ఆలోచన.

టైటిల్స్‌లో వచ్చే వీధి కాల్పులను కూడా నెమ్మదిగా చూడండి. ముందు పేలేది అవతలివాడి తుపాకే, కానీ గురి తప్పుతుంది. ఆ అవతలి మనిషి అర్వో ఒహాలా. హాలీవుడ్ నటులకు తుపాకి వేగంగా తీయడం నేర్పిన గురువు ఆయనే.

డిల్లన్ సమాధుల మధ్య నడుస్తూ తనలో తాను మాట్లాడుకుంటాడు. ఎందుకు?

తొలి సీజన్లలో చాలా ఎపిసోడ్లు ఇలాగే మొదలవుతాయి. ఆ చోటు బూట్ హిల్, ఊరి బయటి గుట్ట మీది శ్మశానం. బూట్లు విప్పుకునే తీరిక కూడా లేకుండా, అంటే కాల్పుల్లో పోయినవాళ్ళను పాతిపెట్టే చోటు కాబట్టి ఆ పేరు. అక్కడున్నవాళ్ళలో కొందరిని తానే అక్కడికి పంపానని ఆ మార్షల్‌కు తెలుసు. ఆ నడక చూశాక వచ్చే కథలో ఎవరు చనిపోయినా మనకు తేలిగ్గా అనిపించదు.

చెస్టర్ ఎందుకు కుంటుతాడు? ఆ నటుడికి నిజంగానే కాలు బాగాలేదా?

నటుడు డెన్నిస్ వీవర్ కాలు శుభ్రంగా ఉంది. ఆయన కాలేజీలో పేరున్న అథ్లెట్, 1948 ఒలింపిక్స్ కోసం డెకాథ్లాన్ ఎంపిక పోటీల్లో కూడా పాల్గొన్నారు. ఆ బిగుసుకుపోయిన కాలు పాత్ర కోసం పెట్టుకున్నది. ఆ కాలితోనే గుర్రం ఎక్కాలి, మెట్లు ఎక్కాలి, మంటపెట్టి కాఫీ కాచాలి. గుర్రం దిగేటప్పుడు ఆయన కాలిని ఎలా తిప్పుతారో ఒకసారి గమనించండి, ఎక్కడా మరిచిపోరు. 1959లో ఈ పాత్రకు టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది.

నిజంగా కాలు దెబ్బతిన్నది హీరోకు. జేమ్స్ ఆర్నెస్ రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర కాలికి తీవ్రంగా గాయపడ్డారు. ఆ నొప్పి జీవితాంతం ఉండిపోయింది, గుర్రపు స్వారీ చేసినప్పుడు మరీ ఎక్కువయ్యేది. 6 అడుగుల 7 అంగుళాల మనిషి ఆ నొప్పిని కనిపించనివ్వకుండా ఇరవై ఏళ్ళు నడిచారు.

మనకు దగ్గరి సంగతి ఒకటుంది. డెన్నిస్ వీవర్ పరమహంస యోగానంద బోధలను అనుసరించినవారు, శాకాహారి. తెలుగులో ‘ఒక యోగి ఆత్మకథ’ చదివినవాళ్ళు చెస్టర్‌ను ఇకపై మరో చూపుతో చూస్తారు.

ఫెస్టస్ మాట్లాడేది ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఏం చేయాలి?

సబ్‌టైటిల్స్ పెట్టుకుని రెండు వారాలు ఓపిక పట్టండి. ఫెస్టస్ చదువురాని కొండ ప్రాంతపు మనిషి. మాటలను విరుస్తాడు, సాగదీస్తాడు, కొన్ని తానే పుట్టిస్తాడు. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళకు కూడా మొదట్లో తడబాటే. పాత్రధారి కెన్ కర్టిస్ గొంతు నిజానికి చాలా మధురమైనది. ఆయన సన్స్ ఆఫ్ ది పయనీర్స్ బృందంలో గాయకుడు. ఆయన తండ్రి కొలరాడోలో షెరిఫ్‌గా పనిచేశారు కాబట్టి జైలు గదులు, ఊరి వింత మనుషులు ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. ఫెస్టస్ ఎక్కే కంచరగాడిద పేరు రూత్. అది మగది, పేరు మాత్రం ఆడపిల్లది.

## అలవాటైన తర్వాత

మ్యాట్, కిట్టీ మధ్య ఉన్నది ఏమిటి? పెళ్ళి చేసుకుంటారా?

చేసుకోరు. నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, అడిగేవాళ్ళ గొంతులో కాస్త కోపం కూడా ఉంటుంది. పందొమ్మిది సీజన్ల పాటు ఇద్దరూ ఒకరికొకరు ప్రాణంగా ఉంటారు, ఆ మాట మాత్రం నోరు విప్పి చెప్పుకోరు. డిల్లన్ లెక్క ఒకటే: బ్యాడ్జ్ పెట్టుకున్నవాడు ఏ రోజు చనిపోతాడో తెలియదు, అలాంటివాడు ఇంకొకరికి వైధవ్యం రాసిపెట్టకూడదు. కిట్టీకి ఆ లెక్క తెలుసు, ఒప్పుకోదు, కానీ నిలదీయదు.

ఆమె ఓపిక ఒక్కసారి తెగుతుంది. 1970 నాటి ‘ది బ్యాడ్జ్’లో డిల్లన్ మరోసారి తూటా తగిలి చావు అంచుదాకా వెళ్తాడు. ఇలా మంచం పక్కన కూర్చుని ఎదురుచూడటం ఇక నావల్ల కాదని కిట్టీ డాడ్జ్ వదిలి వెళ్ళిపోతుంది. చివరికి తిరిగి వస్తుంది. 1972 నాటి ‘హోస్టేజ్’లో పరిస్థితి తిరగబడుతుంది. దుండగులు కిట్టీని ఎత్తుకుపోయి హింసించి, కాల్చి వీధిలో పడేస్తారు. డిల్లన్ బ్యాడ్జ్ తీసి పక్కన పెట్టి వేటకు బయలుదేరతాడు. చట్టం కోసం ఆమెను దూరం పెట్టినవాడు ఆమె కోసం చట్టాన్నే పక్కన పెట్టిన ఆ క్షణం వంద ప్రేమలేఖలకు సాటి. సున్నిత మనస్కులు ఆ ఎపిసోడ్‌కు కాస్త సిద్ధపడి కూర్చోండి.

పాత సినిమాల్లో వంటింటి గడప దగ్గర నిలబడి ఒక్క చూపుతో అంతా చెప్పిన నాయికలను మనం చూశాం. కిట్టీగా వేసిన అమాండా బ్లేక్ నటన ఆ కోవకు చెందినది. డిల్లన్ తలుపు తోసుకుని బయటికి వెళ్ళాక కెమెరా ఆమె ముఖం మీద ఇంకొక్క క్షణం నిలుస్తుంది. తొందరపడి తర్వాతి ఎపిసోడ్‌కు వెళ్ళకండి.

డాక్, ఫెస్టస్ ఎప్పుడు చూసినా పోట్లాడుకుంటారు. నిజంగా పడదా?

ప్రాణస్నేహితులు. డాక్ చెవి లాక్కుంటూ, మీసం తుడుచుకుంటూ తిడతాడు, ఫెస్టస్ ఒక కన్ను చికిలించి అంతకంటే పెద్ద మాట అంటాడు, ఆపైన ఒకరి ఖర్చుతో ఇంకొకరు బీరు తాగుతారు. డాక్‌గా నటించిన మిల్‌బర్న్ స్టోన్ స్వయంగా కాన్సాస్ మనిషి. ఆయనకు 1968లో ఎమ్మీ వచ్చింది. 1971లో ఆయనకు గుండెజబ్బు చేసి కొన్ని ఎపిసోడ్లకు దూరమైనప్పుడు పాట్ హింగిల్ మరో వైద్యుడి పాత్రలో వచ్చారు. ఆ కొన్ని వారాలు చూస్తే డాక్ లేని డాడ్జ్ ఎంత వెలితిగా ఉంటుందో తెలుస్తుంది.

డాడ్జ్ సిటీ నిజంగా ఉందా? డిల్లన్ అనే మార్షల్ ఉండేవాడా?

ఊరు నిజం, డిల్లన్ కల్పన. 1872లో శాంటా ఫే రైలు మార్గం అక్కడికి చేరింది. తర్వాత టెక్సాస్ నుంచి పొడవు కొమ్ముల పశువుల మందలను నెలల తరబడి తోలుకొచ్చి అక్కడ రైలెక్కించేవారు. జీతం చేతికొచ్చిన కుర్ర కౌబాయ్‌లు, వాళ్ళ కోసం తెరిచిన సెలూన్లు, జూదం, తుపాకులు: ఊరి గొడవలకు మూలం అదే. వ్యాట్ అర్ప్, బ్యాట్ మాస్టర్సన్ అక్కడ నిజంగా శాంతిభద్రతలు చూసినవారు. లాంగ్ బ్రాంచ్ పేరుతో నిజమైన సెలూన్ కూడా ఉండేది. టెక్సాస్ పశువుల వెంట వచ్చే జ్వరానికి భయపడి 1885లో కాన్సాస్ వాటి రాకను నిషేధించాక ఆ వైభవం త్వరలోనే ముగిసింది.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. సీరియల్‌లో చనిపోయినంతమంది అసలు ఊళ్ళో చనిపోలేదు. ఇరవై ఏళ్ళ సీరియల్‌కు ప్రతి వారం ఒక గండం కావాలి కదా.

అమెరికా మూలవాసులను చూపించిన తీరు ఇప్పుడు ఇబ్బందిగా ఉందే?

ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. చాలా మూలవాసి పాత్రల్ని తెల్లవాళ్ళే వేశారు. బర్ట్ రేనాల్డ్స్ 1962 నుంచి 1965 దాకా వేసిన కమ్మరి క్వింట్ సగం కొమాంచీ, అంటే ఒక మూలవాసి తెగవాడు. అలాగని రచయితలు కళ్ళు మూసుకున్నారని కూడా అనలేం. ఊరివాళ్ళ ద్వేషం, మూక మనస్తత్వం తప్పని తేల్చిన కథలు తొలి ఏడాది నుంచే ఉన్నాయి. ఒక చైనా వ్యక్తిని ఊరివాళ్ళు అవమానించే ‘ది క్యూ’ 1955 నాటిది. మంచి మనసు, కాలం నాటి గుడ్డితనం రెండూ ఒకే సీరియల్‌లో ఉన్నాయి. నేను రెండింటినీ చూస్తాను.

ముందు రేడియోలో వచ్చిందట. అదీ వినాలా?

వీలైతే తప్పకుండా. దర్శకుడు నార్మన్ మెక్‌డొనెల్, రచయిత జాన్ మెస్టన్ కలిసి 1952లో రేడియో నాటకంగా మొదలుపెట్టారు. అది 1961 దాకా నడిచింది. డిల్లన్ గొంతు విలియం కాన్రాడ్‌ది. భారీ శరీరం వల్ల టీవీకి ఆయనను తీసుకోలేదు. రేడియో డాడ్జ్ ఇంకా చేదుగా, ఇంకా నిజాయితీగా ఉంటుంది. మన ఆకాశవాణి నాటకాలు విని పెరిగినవారికి చెక్క పలకల మీద బూట్ల చప్పుడు, దూరంగా కుక్క అరుపు చాలు, ఊరంతా కళ్ళముందు నిలుస్తుంది.

## చివరి సీజన్ల దగ్గరికి వచ్చినవారికి

1967లో ఆపేసి మళ్ళీ మొదలుపెట్టారంటారు. నిజమేనా?

నిజమే. చూసేవాళ్ళు తగ్గారని సీబీఎస్ రద్దు నిర్ణయం తీసుకుంది. సంస్థ అధిపతి విలియం పేలీ ఆ నిర్ణయాన్ని తిప్పికొట్టారు. శనివారం రాత్రి నుంచి సోమవారం సాయంత్రానికి మార్చారు. ఆ చోటు కోసం ‘గిలిగన్స్ ఐలండ్’ అనే మరో సీరియల్ బలైంది. మారిన మొదటి ఏడాదే గన్‌స్మోక్ నాలుగో స్థానానికి ఎగబాకింది. ఇంకా ఎనిమిదేళ్ళు నడిచింది.

చివరి ఎపిసోడ్‌లో ఏమీ ముగియలేదు. నేనేమైనా వదిలేశానా?

మీరేమీ వదల్లేదు, వీడ్కోలు ఎపిసోడ్ అసలు తీయలేదు. ‘ది షేర్‌క్రాపర్స్’ అని ఫెస్టస్ పొలం పనుల్లో ఇరుక్కునే తేలికపాటి కథతో 1975 మార్చి 31న ముగిసింది. రద్దయిన సంగతి నటీనటులకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్ళు పనిచేసినవాళ్ళకు జరిగిన ఈ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆఖరి సీజన్‌లో కిట్టీ కూడా లేదు. పందొమ్మిది సీజన్ల తర్వాత అమాండా బ్లేక్ తప్పుకున్నారు, సెలూన్‌లో హన్నా పాత్రతో ఫ్రాన్ రయాన్ వచ్చారు.

తర్వాత వచ్చిన టీవీ సినిమాలు చూడవచ్చా?

మొత్తం ఐదు, 1987 నుంచి 1994 వరకు. మొదటిది, ‘రిటర్న్ టు డాడ్జ్’, తప్పక చూడండి. అందులో కిట్టీ మళ్ళీ కనిపిస్తుంది. రెండేళ్ళకే, 1989లో అమాండా బ్లేక్ కన్నుమూశారు. 1990 నాటి రెండో సినిమా చూసే ముందు 1973 నాటి ‘మ్యాట్స్ లవ్ స్టోరీ’ చూడాలి. జ్ఞాపకం పోయిన డిల్లన్‌ను ఒక వితంతువు ఆదరించిన కథ అది. ఆ బంధానికి ఒక కూతురు ఉందని ఈ సినిమాలో తెలుస్తుంది. మిగిలిన మూడూ ఆర్నెస్ మీద ప్రేమ ఉన్నవారికి.

పిల్లలతో కలిసి చూడవచ్చా?

పదేళ్ళు దాటినవారితో చూడవచ్చు. రక్తం పెద్దగా చూపించరు, కానీ ఉరిశిక్షలు, ఆడవాళ్ళపై దౌర్జన్యం కథల్లో వస్తాయి. 1970ల ఎపిసోడ్లను ముందు మీరు చూసి ఎంచుకోండి.

డాడ్జ్ సిటీకి వెళ్తే చూడటానికి ఏముంది?

విచిటా నుంచి పడమరగా కారులో సుమారు రెండున్నర గంటలు. ఆమ్‌ట్రాక్ రైలు కూడా ఆగుతుంది. బూట్ హిల్ మ్యూజియంలో పాత ఫ్రంట్ స్ట్రీట్‌ను, లాంగ్ బ్రాంచ్‌ను తిరిగి కట్టి ఉంచారు. ఊళ్ళో గన్‌స్మోక్ పేరుతో ఒక వీధి ఉంది, ఆర్నెస్ కంచు విగ్రహం ఉంది. షూటింగ్ మాత్రం అక్కడ జరగలేదు, ఎక్కువ భాగం కాలిఫోర్నియాలో, కొంత యూటా రాష్ట్రంలోని కనాబ్ దగ్గర తీశారు. ఊరికి ఈనాటికీ పశువులే ఆధారం, పెద్ద మాంసం కర్మాగారాలు ఉన్నాయి, గాలి అటు నుంచి వీచినప్పుడు ఆ వాసన తెలుస్తుంది.

నాన్నగారిని తీసుకెళ్ళినప్పుడు లాంగ్ బ్రాంచ్ దగ్గర ఫొటో దిగుతారనుకున్నాను. ఆయన తిన్నగా గుట్ట మీది సమాధి పలకల దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క పేరూ కూడబలుక్కుంటూ చదివారు. ఎండ మండిపోతున్నా టోపీ తీసి చేత్తో పట్టుకునే ఉన్నారు.